గచ్చిబౌలిని చూశాక అడుగుతున్నాను: మనలాంటి దేశాలకు ఈ క్రీడోత్సవాలు అవసరమా?

ప్రశ్న – నల్లగండ్ల వాసి
2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి, 2036 ఒలింపిక్స్ కోసమూ మన దేశం ప్రయత్నిస్తోంది. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగిన గచ్చిబౌలి స్టేడియం మీదుగానే నేను రోజూ ఆఫీసుకు వెళ్తాను. బడులకే నిధులు చాలని దేశాలు ఇంత ఖర్చును నెత్తికెత్తుకోవడం సబబేనా?

జవాబు – విశ్రాంత ఇంజినీరు
కట్టడం కన్నా కట్టినదాన్ని పోషించడం కష్టమండీ. బ్రెజిల్ 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం అమెజాన్ అడవుల నడుమనున్న మనౌస్‌లో నలభై వేల పైచిలుకు సీట్లతో స్టేడియం కట్టింది. అక్కడ జరిగిన ప్రపంచకప్ మ్యాచులు నాలుగే, పైగా ఆ ఊరికి అప్పట్లో మొదటి శ్రేణి జట్టే లేదు. మన గచ్చిబౌలిలో క్రీడాకారుల బసకని కట్టిన పద్నాలుగంతస్తుల భవనం 2020లో కరోనా ఆసుపత్రి అయింది. ఆపదలో అక్కరకొచ్చింది, సంతోషమే, కానీ అది కట్టిననాడు ఎవరూ తలచని ప్రయోజనం.

జవాబు – పీఈటీ మాస్టారు
ఇంజినీరు గారి లెక్క కాదనను. అయితే మైదానంలో సున్నపు గీతల మధ్య పరిగెత్తే మా బడి పిల్లలను మొదటిసారి సింథటిక్ ట్రాక్ మీదికి తీసుకెళ్లినప్పుడు, ఒక కుర్రాడు పరుగు సంగతి మరచి, వంగి దాన్ని అరచేత్తో తడిమి చూశాడు. అది ఏ పద్దులోనూ కనబడదు. అలాగని స్టేడియాలే పతకాలు తెస్తాయనీ అనలేను: 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు గచ్చిబౌలిలోనే జరిగాయి గానీ, సైనా 2012 ఒలింపిక్ కాంస్యం వెనుకా, సింధు 2016 ఒలింపిక్ రజతం వెనుకా ఉన్నది గోపీచంద్ అకాడమీలో తెల్లవారకముందే మొదలయ్యే సాధన.

జవాబు – విశ్రాంత ఇంజినీరు
మాస్టారూ, ఆ ట్రాక్ కోసమైనా ఇప్పుడు బేరం మన చేతిలో ఉందని గుర్తించాలి. డబ్బు హామీలు ఇవ్వలేక డర్బన్ 2022 కామన్వెల్త్ క్రీడలను పోగొట్టుకుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా అంతటి సంపన్న రాష్ట్రమే 2026 ఆతిథ్యం నుంచి 2023లో తప్పుకుంది. చివరికి గ్లాస్గో పది క్రీడలకే, ఉన్న నాలుగు ప్రాంగణాలకే పరిమితం చేసుకుని దాన్ని తీసుకుంది. పిలిస్తే వచ్చేవారే కరువైనప్పుడు, కొత్త కట్టడాలు అడగవద్దని మనమే షరతు పెట్టవచ్చు.

జవాబు – పీఈటీ మాస్టారు
ఇంకొక్క షరతు కలపండి. క్రీడలు ముగిసిన మర్నాటి నుంచి ఆ మైదానం ప్రభుత్వ బడుల పిల్లలకు ఏ వేళల్లో, రుసుము లేకుండా తెరిచి ఉంటుందో ఒప్పందంలోనే రాయించాలి. ఉత్తరం పట్టుకుని గేటు దగ్గర కాపలాదారును బతిమాలుకున్న రోజులు నాకింకా గుర్తున్నాయి.