అప్‌డేట్: ఈసీఈ నుంచి కంప్యూటేషనల్ న్యూరోసైన్స్‌కి, దారి దొరికింది

వరంగల్‌లో ఈసీఈ చేశాను, బయాలజీ టెన్త్‌తోనే వదిలేశాను, మెదడు మోడలింగ్‌లోకి (అంటే మెదడు పనితీరును లెక్కలతో, కోడ్‌తో అనుకరించే కంప్యూటేషనల్ న్యూరోసైన్స్‌లోకి) రావచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సలహాలిచ్చిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్. వచ్చే నెల బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరుతున్నాను.

పనిచేసిన సలహా ఒక్కటే: నరాల కణంలో విద్యుత్ సంకేతం ఎలా పుడుతుందో చెప్పే 1952 నాటి హాడ్జ్‌కిన్-హక్స్‌లీ మోడల్‌ని పైథాన్‌లో సొంతంగా రాసి, ఆ కోడ్ లింకుతో ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టమన్నది. ఉన్నవి నాలుగు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. మన ఈసీఈ వాళ్లకు అదొక సర్క్యూటే: కణం పొర కెపాసిటర్, అయాన్ ఛానళ్లు (ఆ పొరలో అయాన్లు వెళ్లే దారులు) వోల్టేజ్‌ని బట్టి మారే రెసిస్టర్లు. ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూనే తిరిగింది. సోడియం ఛానల్ ఇన్‌యాక్టివేషన్ (తెరుచుకున్న కాసేపటికే ఛానల్ తనంతట తానే మూసుకుపోవడం) తీసేస్తే గ్రాఫ్ ఎలా ఉంటుందో బోర్డు మీద గీయమన్నారు. వోల్టేజ్ పైకెళ్లి పైనే ఉండిపోతుంది, మామూలు స్థితికి దిగదు. ఇంట్లో కోడ్‌ని అటూ ఇటూ మార్చి చూసిందే కాబట్టి టెన్షన్ లేకుండా గీసేశాను.

కంప్యూటేషనల్ న్యూరోసైన్స్ నేర్పే ఆన్‌లైన్ స్కూల్ న్యూరోమ్యాచ్ అకాడమీ ఫ్రీ పాఠాలు లీనియర్ ఆల్జీబ్రా దుమ్ము దులపడానికి బాగా పనికొచ్చాయి. నా పాత పోస్టు కింద గ్రాఫిక్స్ కార్డు గురించి జరిగిన చర్చంతా నా విషయంలో అనవసరం, పాత ల్యాప్‌టాప్ మీదే అన్నీ నడిచాయి. బయాలజీ డిగ్రీ ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో మాత్రం "ఇది సాఫ్ట్‌వేర్ జాబేనా?" అని ఇంకా అడుగుతున్నారు. కోడ్ కావాల్సినవాళ్లు కింద చెప్పండి, పెడతాను.