టోనీ ఐయోమీ ధ్వనిలో బరువు: వేలి గాయమా, దించిన శ్రుతా?

ఆరోతీగ:
బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం గిటారిస్టు టోనీ ఐయోమీ గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట. 1965లో బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో వేళ్ల కొసలు తెగాయి, నొప్పి పడలేక తీగలు వదులు చేశాడు, ఆ వదులు తీగల్లోంచే హెవీ మెటల్ పుట్టింది అని. ఇందులో ఎంత నిలుస్తుంది?

షడ్జమం:
గాయం నిజం, నొప్పీ నిజం. ఆయనది ఎడమచేతివాటం కాబట్టి మెట్ల మీద నొక్కేది కుడిచెయ్యి. పోయినవి ఆ చేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, పైన తోలు అంటించుకున్నాడు. సన్నటి బాంజో తీగలు వేసుకున్నాడు. శ్రుతిని మూడు మెట్లు (అరస్వరాలు) దించితే తీగ బిగువు దాదాపు 29 శాతం తగ్గుతుంది. గాయం లేకపోతే ఆ శ్రుతి లేదు.

పాతరికార్డు:
షడ్జమం గారూ, తేదీలు ఒప్పుకోవు. మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి, ‘పారనాయిడ్’ అదే ఏడాది సెప్టెంబరు. రెండూ మామూలు ఇ శ్రుతిలోనే (ఆరో తీగ ఇ స్వరం) ఉన్నాయి. మూడు మెట్లు దించి సి షార్ప్‌కి వెళ్లింది 1971 జూలైలో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో: ‘చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్’, ‘ఇన్‌టు ద వాయిడ్’ వినండి. అంటే గాయానికీ ఆ శ్రుతికీ మధ్య ఆరేళ్లు. ఆ లోపలే బరువంతా వచ్చేసింది. మొదటి ఆల్బమ్ పేరుపాటలో రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు పదబంధం) ఏమిటి? షడ్జమం, తారషడ్జమం, ప్రతిమధ్యమం. మూడే స్వరాలు, నిదానంగా. మన చెవికి ప్రతిమధ్యమం కొత్తేమీ కాదు గానీ, పక్కన పంచమం లేకుండా దాన్నే పట్టుకుని ఊపుతూ నిలబెట్టడంలో ఉంది ఆ భయం.

ట్యూబుఆంప్:
దీనికి లెక్క కూడా ఉంది. ఆరో తీగ ఇ 82 హెర్ట్జ్, దానిమీద పంచమం 123. ఈ రెంటినీ కలిపి ధ్వనిని బాగా చిట్లించే ఆంప్లిఫయర్ (ఆంప్)లోకి పంపితే తేడా స్వరం 41 దగ్గర పుడుతుంది, అంటే కింది స్థాయి షడ్జమం. తీగ దించకుండానే కింద ఇంకో షడ్జమం! గాంధారం కూడా కలిపారా, తేడా స్వరాలు ఒకదానిమీదొకటి పడి గజిబిజి అవుతుంది. నిండు బారే కార్డు (ఒక వేలిని తీగలకు అడ్డంగా నొక్కి పట్టేది) పట్టడం కష్టమైన చేతికి రెండు స్వరాల కార్డు సులువు. గాయం పనిచేసింది ఇక్కడ, శ్రుతిలో కాదు. లేనీ కంపెనీ ఆంప్ ముందు రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలను పెంచే పెట్టె) పెట్టడమూ అందుకే పనికొచ్చింది: కింది స్వరాలు ముద్దకట్టకుండా ఆంప్‌ని పైనుంచి తోస్తుంది.

షడ్జమం:
రెండు స్వరాల కార్డు మాట ఒప్పుకుంటాను. కానీ 1971 తర్వాతి ధ్వనిని ఎవరు అనుకరించినా దించే మొదలుపెడతారు, ఆ వారసత్వం శ్రుతిదే.

ఆరోతీగ:
సరే, 10–46 మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) తీగలతోనే సి షార్ప్‌కి దించితే మెడ దగ్గర బర్రుమంటోంది. ఎందుకు?

ట్యూబుఆంప్:
లాగే బలం తగ్గి మెడ వెనక్కి వంగుతుంది, మొదటి మెట్లకు తీగ తగులుతుంది. ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) పావు చుట్టు వదులు చేసి, ఒక రోజు ఆగి చూడండి. గట్టిగా మీటినప్పుడు స్వరం పైకెగిరి దిగుతుంటే తీగే సన్నం అని అర్థం. మందం 1.19 రెట్లు చేస్తే పాత బిగువు తిరిగొస్తుంది: 10 స్థానంలో 12, 46 స్థానంలో 54 లేదా 55. అప్పుడు ట్రస్ రాడ్ ముట్టుకోనక్కర్లేదు, కానీ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడి ఇరుకై తీగ పట్టేస్తుంది, శ్రుతి చేస్తుంటే టింగుమంటుంది. గాడిని వెడల్పు చేయండి, లోతు చేయొద్దు. ఆఖర్న పన్నెండో మెట్టు దగ్గర స్వరం సరిచూసి, శ్రుతి ఎక్కువగా పలికితే బ్రిడ్జ్ శాడిల్‌ని (కింది కొసన తీగ ఆనే ముక్క) వెనక్కి, మెడకు దూరంగా జరపండి.

పాతరికార్డు:
బాస్ కూడా దించాలి. బృందం బాస్ వాద్యకారుడు గీజర్ బట్లర్ రిఫ్‌ని గిటారుతోపాటే వాయిస్తాడు. ఒక్క గిటారే దించి చూసి ఆ బరువు రాలేదనుకోవద్దు.