పాత క్రిస్టల్ సెట్ కొన్నాను, వార్నిష్ వేయించమంటారా?

లీడ్స్_తెలుగోడు:
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం ఇక్కడ ఇంగ్లండ్‌లోని లీడ్స్ సంతలో ఒక క్రిస్టల్ రేడియో కొన్నాను, అంటే బ్యాటరీ లేకుండా చిన్న ఖనిజపు రాయితో పలికే పాతకాలపు రేడియో. చెక్క పెట్టె, లోపల ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు ఎబొనైట్ పలక, దాని మీద గాజు గొట్టంలో చిన్న రాయి, ఆ రాయికి ఆనించే సన్నటి తీగ. ఒక గుండ్రటి ముద్ర కూడా ఉంది, మధ్యలో బీబీసీ అని. కిటికీలోంచి చెట్టు దాకా తీగ లాగి నా ఫోన్ ఇయర్‌ఫోన్స్ తగిలించాను, చిన్న శబ్దం కూడా లేదు. పలకని రుద్ది నల్లగా చేసి పెట్టెకి వార్నిష్ వేయిద్దామా అనుకుంటున్నా. ఇది అసలుదేనా?

పాతసామాను:
దయచేసి వార్నిష్ జోలికి వెళ్ళకండి! ఎబొనైట్ అంటే గంధకం బాగా కలిపి గట్టిపరిచిన రబ్బరు, ఏళ్ళ తరబడి వెలుతురు తగిలితే ఇలాగే రంగు మారుతుంది. తిప్పే మీట ఒకటి జాగ్రత్తగా విప్పి కింద చూడండి, అక్కడ నల్లటి వలయం కనిపిస్తే పలక నిజంగా పాతదే. ముద్ర చుట్టూ పోస్ట్‌మాస్టర్ జనరల్ (అప్పట్లో తపాలా, రేడియో వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి) ఆమోదం గురించి రాసి ఉండాలి. 1922 నవంబరులో ప్రసారాలు మొదలైనప్పుడు బీబీసీ ఇంకా రేడియో తయారీదారులు కలిసి పెట్టుకున్న కంపెనీయే, వినేవాళ్ళు ఏడాదికి 10 షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలి, సెట్‌కి ఈ ముద్ర ఉండాలి. ముద్ర పద్ధతి రెండేళ్ళకే పోయింది, అందుకే ఇలాంటి సెట్ దొరికితే నాకు కాళ్ళు నేల మీద ఆగవు.

తీగచుట్ట:
శబ్దం రాకపోవడానికి మీ ఇయర్‌ఫోన్సే కారణం అయ్యుంటుంది. ఇందులో బ్యాటరీ లేదు, గాలిలోంచి తీగ పట్టిన కాస్త శక్తే చెవిదాకా రావాలి. ఇప్పటి ఇయర్‌ఫోన్స్ విద్యుత్ నిరోధం సాధారణంగా 32 ఓమ్‌లే, అప్పటి హెడ్‌ఫోన్స్‌ది 4000 దాకా ఉండేది, అందుకే అవి ఆ కాస్త శక్తికే పలికేవి. ఎర్త్ కనెక్షన్ తప్పనిసరి. ఆ రాయి బహుశా గలీనా, సీసం గంధకం కలిసిన ఖనిజం. వేలితో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే పని చేయదు. సోల్డరింగ్ వేడి కూడా దానికి పడదు, అందుకే అప్పట్లో 70 డిగ్రీలకే కరిగే లోహంలో కూర్చేవారు. తీగ మొనతో రాయి మీద ఓపిగ్గా వెతకాలి, ఒకచోట పలుకుతుంది, పక్కనే మూగగా ఉంటుంది.

గలీనా_ప్రేమి:
ఇంకో మాట, గలీనాని ఇలా రేడియో తరంగాలు పసిగట్టడానికి వాడటం మీద పేటెంట్ మన జగదీశ్ చంద్ర బోస్‌ది. 1901లో దరఖాస్తు చేస్తే అమెరికాలో 1904లో వచ్చింది. నా దగ్గరున్న సెట్లలో రాయిని చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు.

లీడ్స్_తెలుగోడు:
అందరికీ థాంక్స్ అండి. మీట కింద నల్లటి వలయం ఉంది, పదిపైసల బిళ్ళంత! వార్నిష్ మానేశాను. పాత హెడ్‌ఫోన్స్ ఒకాయన అరువిచ్చారు, నిన్న రాత్రి పదకొండింటికి ఎర్త్ కలిపి దాదాపు అరగంట మొన జరుపుతూ కూర్చున్నాను, ఉన్నట్టుండి ఎవరో ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతున్నారు, చాలా సన్నగా, కానీ ప్రతి మాటా తెలుస్తోంది. ఊపిరి బిగబట్టి విన్నాను. మా ఆవిడని లేపి ఒక చెవిది ఆవిడకిచ్చాను.