ఊళ్లో కుర్రాళ్లకు చేతిపని నేర్పాలి: గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల మీ దగ్గర ఏది నిలబడింది?

ప్రత్తిపాడు అబ్బాయి:
మాది ప్రత్తిపాడు దగ్గర ఊరు. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. మిర్చి కోతలప్పుడు పని, తర్వాత సెంటర్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చోవడం. పంచాయతీ వాళ్లు పాత హాలు ఇస్తామన్నారు. ఉపన్యాసాలు వద్దు, చేతులతో చేసి నేర్చుకునే పని కావాలి. మీ ఊళ్లో ఏం పెట్టారు? ఏది మధ్యలో ఆగిపోయింది?

తెనాలి వైండర్:
తమ్ముడూ, ముందు మీ ఊళ్లో ఏడాదికి ఎన్ని మోటార్లు కాలుతున్నాయో లెక్కేయండి. మా దగ్గర మొక్కజొన్నకు నీళ్లు పెట్టే రోజుల్లో మోటారు కాలిందంటే రైతుకు నిద్ర ఉండదు. అందుకే రీవైండింగ్‌తో, అంటే కాలిన మోటారులో తీగ మళ్లీ చుట్టే పనితో మొదలుపెట్టాం. రైతు తెచ్చిన మోటారే బల్ల మీద పెట్టి విప్పిస్తాం. పాత వైండింగ్ కోసే ముందు ఒక్కో కాయిల్‌కి ఎన్ని చుట్లు, తీగ ఏ గేజి, కనెక్షన్ ఎటు నుంచి ఎటు అన్నది పిల్లలే నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ లెక్క తప్పితే చేసిన పనంతా వృథా. స్లాట్లలో, అంటే తీగ కూర్చునే గాడుల్లో, ఇన్సులేషన్ కాగితం పెట్టి, కొత్త కాయిల్ దించి, వార్నిష్ పోసి ఆరబెట్టేదాకా వాళ్ల చేతులే. మోటారు తిరిగి నీళ్లు పోస్తే రైతు వచ్చి ఆ కుర్రాడి పేరు పెట్టి అడుగుతాడు. మానేసిన పిల్లలు మళ్లీ వచ్చింది ఆ మాట కోసమే.

లాం రోడ్డు:
మీకు లాం కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరే కదా. మట్టి నమూనాలు తీయడం పిల్లలకు నేర్పించమని అడగండి. గట్ల పక్కన, చెట్ల నీడన, ఎరువు కుప్ప పోసిన చోట తీయకూడదు. పొలంలో అక్కడక్కడ వి ఆకారంలో గుంట తీసి, 15 సెంటీమీటర్ల లోతు దాకా పక్క మట్టిని పలుచగా చెక్కాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. మా పిల్లలు సొంత పొలాల ఫలితాలు చేతికొచ్చాక, భాస్వరం ఇంత ఉంటే అదే భాస్వరం ఉన్న డీఏపీ ఎరువు మళ్లీ ఎందుకని ఇంట్లో నాన్నలనే అడిగారు. వ్యవసాయం మీద వాళ్లంతట వాళ్లు ప్రశ్న వేయడం అప్పుడే చూశాను.

మంగళగిరి మగ్గం:
అమ్మాయిల సంగతి ఎవరూ ఎత్తలేదేం? అమ్మాయిలు అనగానే కుట్టుమిషన్ అని రాసేస్తున్నారు. మా దగ్గర వాళ్లనే అడిగితే చాలామంది సెల్‌ఫోన్ రిపేర్ అన్నారు. క్లాసు చీకటి పడకముందే అయిపోవాలి, లేకపోతే ఇళ్లల్లో పంపరు. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఇద్దరు ముగ్గురికి ఒకటైనా ఉండాలి. ఒకరు చేస్తుంటే పదిమంది చూస్తూ నిలబడితే ఎవరికీ పని రాదు.

బెజవాడ బస్సు:
మా ఊరి కుర్రాళ్లను ఒక శిక్షణ కేంద్రం వాళ్లు సర్టిఫికెట్ ఇచ్చి, ఎక్కడో దూరంగా ఫ్యాక్టరీలో చేర్చారు. గది అద్దె, తిండి పోను చేతిలో ఏమీ మిగలక తిరిగొచ్చేశారు. తర్వాత ఎవరూ పలకరించలేదు. ఊళ్లోనే బతకాలనుకునే వాళ్లకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) మంచిదని నా అభిప్రాయం. 18 ఏళ్లు నిండాలి. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. అయిపోయాక రెండేళ్ల పాటు వెంట ఉండి, లోను విషయంలోనూ సాయం చేయాలన్నది వాళ్ల పద్ధతి. మొహమాటపడకుండా వెళ్లి అడగాలి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్లలో శిశు అనే రకం కింద 50,000 రూపాయల దాకా పూచీ లేకుండా ఇస్తారు, చిన్న షాపుకి అది సరిపోతుంది.

ప్రత్తిపాడు అబ్బాయి:
అందరికీ థ్యాంక్స్. మోటార్లతోనే మొదలుపెడదామనుకుంటున్నాం, అమ్మాయిలను కూడా అడుగుతాం. వైండర్ అన్నా, కరెంటు పని కదా, ఇళ్లల్లో టెన్షన్ పడుతున్నారు. ఏం చెప్పమంటారు?

తెనాలి వైండర్:
ఆ భయం సబబే. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే పొలంలో మోటారు ముట్టుకోవాలి. పెద్దవాళ్లు పక్కన లేకుండా టెస్టింగ్ వద్దు. తల్లిదండ్రులను ఒకసారి హాలుకి పిలిచి ఇదంతా పిల్లల చేతే చేయించి చూపించండి. వచ్చే నెల నన్ను పిలిస్తే ఒక కాలిన మోటారు, తీగ తీసుకుని నేనే వస్తాను.