రాజోలు వైపు పాత మండువా ఇల్లు: కప్పు మొత్తం మార్చాలా, మరమ్మతు సరిపోతుందా?

రాజోలు_అల్లుడు:
రాజోలు దగ్గర మా అత్తవారిది మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశం కనిపించే చోటు, దాని చుట్టూ లోపలికి వాలిన కప్పు. బెంగుళూరు పెంకు, తాటి దూలాలు, కొన్ని చోట్ల టేకు. కట్టి అరవై ఏళ్ళు దాటింది. ముందు వరండాకు మాత్రం 1980ల్లో శ్లాబు వేయించారు. నిరుటి వానలకు మండువా మూలల్లోనూ పడకగదిలోనూ నీళ్ళు కారాయి. ఇద్దరు మేస్త్రీలను పిలిపించాం. ఒకరు మొత్తం దింపేసి ఉన్న గోడల మీదే శ్లాబు పోద్దామన్నారు. రెండో ఆయన పగిలిన పెంకులు మారిస్తే చాలన్నారు. మామగారికి ఇల్లు దింపడం ఇష్టం లేదు. అత్తగారికేమో వానాకాలమంతా కారే చోటల్లా బిందెలు పెట్టే ఓపిక పోయింది. కప్పుకు ఆయువు తీరిందని అసలు దేన్ని చూసి చెప్పాలి?

కొబ్బరితోట:
అరవై ఏళ్ళ కప్పుకు ఇంకా పరీక్షలెందుకండీ? 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చిపెట్టినప్పుడు మా వీధి పెంకుటిళ్ళ వాళ్ళందరం శ్లాబు ఇళ్ళలోనే తలదాచుకున్నాం. చూరు కింద గాలి దూరిందంటే పెంకు నిలవదు. గాలి లేని రోజున కూడా ఒక్క కొబ్బరికాయ పడితే పెంకులు పగులుతాయి. ఏటా మరమ్మతులకు పోసే డబ్బు ఎవరూ లెక్క వేసుకోరు. దింపేయండి.

వడ్రంగం_పాలకొల్లు:
కారినంత మాత్రాన కప్పు పోయినట్టు కాదండీ. మండువా ఇంట్లో రెండు వాలులు కలిసే మూలన రేకుతో కాలువ వేస్తారు. ఆ రెండు వాలుల నీళ్ళూ దాంట్లోకే చేరతాయి. కొబ్బరి ఆకూ పీచూ పేరుకుంటే నీళ్ళు పొంగి పెంకు కిందికి ఎగదన్నుతాయి. రేకు తుప్పు పట్టి చిల్లు పడినా అంతే. మీకు మూలల్లోనే కారుతోందంటే నా అనుమానం ముందు దాని మీదే. రేకు మార్పించడం చిన్న పని, దానికోసం ఇల్లు దింపుతారా?

పెంకు సంగతి తేలిగ్గానే తెలుస్తుంది. తడి లేని పెంకును వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగినా, అంచులు పొడిపొడిగా రాలినా దాని పని అయిపోయినట్టే. కొన్ని పెంకులు తూచి, ఒక పగలూ రాత్రీ నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూచండి. మిగతా వాటికంటే బాగా ఎక్కువ నీరు తాగినవాటిని పక్కన పెట్టేయండి.

అసలు చూడాల్సింది కర్ర. దూలాలూ వాసాలూ గోడలోకి దిగే కొసలు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి కాబట్టి కుళ్ళు అక్కడే మొదలవుతుంది. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మొన మాత్రమే దిగితే ఫరవాలేదు. మెత్తగా లోపలికి పోయి పొట్టు రాలితే ఆ కర్ర మార్చాల్సిందే. తాటి దూలం ఇంకా మోసం చేస్తుంది. పైన నల్లగా ఇనుములా కనిపిస్తూనే లోపల మెత్తటి భాగాన్ని చెదలు తినేసి ఉంటాయి, కాబట్టి సుత్తితో తట్టుకుంటూ పొడవునా వెళ్ళండి. కప్పు కొప్పున ఉండే వెన్నుదూలం రెండు చివరలకూ దారం బిగించి కట్టి, నడుమ ఎంత వంగిందో కొలిచి గోడ మీద రాసిపెట్టండి. పాత వంపు పెరగకుండా ఉంటే భయం లేదు. మరుసటి ఏడు కొలత పెరిగితే మాత్రం ఇక ఆలోచించకండి, దింపేయండి.

గాలివాన గురించి కొబ్బరితోట గారి భయం నిజమే. అయితే నాలుగు వైపులా వాలున్న కప్పు రెండు వాలుల కప్పుకంటే గాలికి బాగా నిలుస్తుంది. చూరు వెంబడి వరసలను, కొప్పు పెంకులను తీగతో కట్టించుకోవాలి.

భీమవరం_సివిల్:
ఉన్న గోడల మీదే శ్లాబు అన్న మాట విని భయమేసింది. ఐదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. బెంగుళూరు పెంకు, కర్రను మినహాయిస్తే, 40, 50 కిలోలుంటుంది. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడ, డెల్టా మెత్తటి బంకమట్టిలో వేసిన పాత పునాది ఆ తేడాను మోయగలవో లేదో తవ్వి చూడకుండా ఎవరూ చెప్పకూడదు. శ్లాబే కావాలంటే పునాది నుంచి కొత్త స్తంభాలు లేపాలి. అప్పుడది కప్పు మార్చడం అవదు, కొత్త ఇల్లు కట్టడమే అవుతుంది.

శ్లాబుకు చావు లేదనుకోవడం కూడా సరికాదు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో కాంక్రీటులోకి ఉప్పు దిగి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకంటే కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది కనుక అడుగున కాంక్రీటును పగలగొట్టుకుని బయటికొస్తుంది. మన దేశ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 సాధారణ వాతావరణంలో ఇనుము మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంటే చాలంటుంది, తీరప్రాంతపు గాలికి తెరుచుకున్న చోట 45 అడుగుతుంది. పాత ఇళ్ళలో అది ఎవరు పాటించారు? ఇంతకీ మీ వరండా శ్లాబు ఎలా ఉందో చెప్పలేదు.

గౌతమి_ఒడ్డు:
పెంకు తీసేసి రేకులు వేసుకున్నాం. వేసవిలో మధ్యాహ్నం ఆ గదిలో కూర్చోలేం. పెంకు బాగుంటే వదులుకోకండి.

కొబ్బరితోట:
బరువు మాట ఒప్పుకుంటున్నాను, పాత గోడల మీద శ్లాబు వద్దు. కానీ ఒక్క సంగతి ఎవరూ ఎత్తడం లేదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, ఇంట్లో డెబ్బై దాటిన ఇద్దరే ఉంటారు. ఏటా తొలకరికి ముందు కప్పెక్కి పెంకు సర్దేదెవరు? మా ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళు దొరకడం లేదు. మనుషులు లేని చోట మంచి కర్ర ఉన్నా అది ఆయువు తీరిన కప్పే. నేను కొత్త ఇల్లే కట్టమంటాను.

వడ్రంగం_పాలకొల్లు:
పనివాళ్ళు తగ్గిన మాట నిజం. దాని గురించి నాకు బాధ ఉంది. అయినా సంక్రాంతి తర్వాత ఒక్కసారి అంతా విప్పి, పెంకులు ఆనే సన్న కర్రలు, అదే రీపర్లు, మార్చి, తీగ కట్టించి మళ్ళీ పేరిస్తే ఏటా ఎక్కాల్సిన పని ఉండదు. మూలల కాలువలు మాత్రం ఏడాదికోసారి శుభ్రం చేయించాలి. అది నిచ్చెన వేసుకుని చేసే పని.

రాజోలు_అల్లుడు:
ఆదివారం వెళ్ళి చూశాం. మూల కాలువ రేకు జల్లెడలా ఉంది. దాని పక్కన రెండు వాసాల కొసలు మెత్తబడ్డాయి, మిగతా కర్ర గట్టిగా మోగింది. పడకగది మీద పెంకులు పగిలాయి, కొబ్బరికాయలే కారణం. కాబట్టి పెంకు కప్పు ఉంచుతున్నాం. వరండా శ్లాబు కారదు, అందుకే దాని గురించి ఎవరం ఆలోచించలేదు. అడుగున పెచ్చులు ఊడి ఇనుప కడ్డీలు బయటపడ్డాయి, వాటి వెంబడే ఎర్రటి చారలు. తడితే చాలా చోట్ల డొల్లగా పలికింది. పోయినేడు సిమెంటుతో పూయించారట, అదీ రాలింది.

భీమవరం_సివిల్:
ఇప్పుడు మార్చాల్సింది ఆ వరండా కప్పేనండీ. తుప్పు లోపల ఉండగా పైన పూత ఎన్నిసార్లు వేసినా రాలుతుంది. కడ్డీ ఎంత సన్నబడిందో ఇంజినీరు చేత కొలిపించండి, నా అంచనాకు అది దింపాల్సిందే. అంతవరకు శ్లాబును మోసేలా కింద సరుగుడు కర్రలు పోట్లుగా నిలబెట్టించండి. మామగారి మంచం అక్కడే ఉంటే ఈ రోజే లోపలికి మార్పించండి.