సూపర్‌చార్జర్ పెట్టిస్తే మైలేజ్ ఎంత పడిపోతుంది?

రోడ్డుబాట: నాది 2.0 లీటర్ పెట్రోల్ కారు, టర్బో లేదు. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే, బెల్ట్‌తో తిరిగే సూపర్‌చార్జర్ కిట్ మీద ఎప్పటి నుంచో మనసుంది. కానీ రోజూ ఆఫీసుకి ఇందులోనే వెళ్ళాలి, హైవే మీద లీటరుకి 14 ఇస్తోంది. పెట్టించుకున్నవాళ్ళు మీ లెక్కలు చెప్పరా?

నల్లపిస్టన్: రూట్స్ రకం (రెండు రోటర్లతో గాలిని తోసేది) సూపర్‌చార్జర్ పెట్టించి మూడేళ్ళయింది. హైవే మీద 13 వచ్చేది ఇప్పుడు 12 దాకా వస్తోంది, ట్రాఫిక్‌లో 9 కాస్తా 8 అయింది. బూస్ట్ గేజ్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి చూపించే మీటర్) బిగించుకున్నాకే నాకు అసలు సంగతి అర్థమైంది. నిదానంగా పోతున్నంతసేపు ముల్లు వాక్యూమ్ వైపే, అంటే సున్నా కిందే ఉంటుంది, బైపాస్ వాల్వ్ తెరుచుకుని గాలి మళ్ళీ ఇన్‌లెట్‌కే తిరిగిపోతుంది, అప్పుడు ఇంజిన్ మీద అదనపు భారం కొంచెమే. గట్టిగా తొక్కి ముల్లు సున్నా దాటించారంటే పెట్రోల్ నీళ్ళలా పోతుంది, అందులో సందేహం లేదు.

గాలిమర: గాలి ఎక్కువ వెళ్తుంది కదా, పెట్రోల్ బాగా మండి మైలేజ్ పెరుగుతుందని మా మెకానిక్ అన్నాడు. నిజమేనా?

స్పార్క్‌ప్లగ్: కాదండీ. ఎక్కువ గాలి వెళ్తే దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా ఎక్కువే పోయాలి. మామూలుగా బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోల్ సరిపోతుంది, బూస్ట్‌లో మాత్రం నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే పేలి ఇంజిన్ టకటకమనడం) రాకుండా, వేడి పెరగకుండా 12కి ఒకటి దాకా చిక్కగా పోస్తారు. పైగా టర్బో ఎగ్జాస్ట్‌తో తిరుగుతుంది, సూపర్‌చార్జర్ మాత్రం ఇంజిన్ తిప్పే ఇరుసు (క్రాంక్) నుంచే శక్తి లాక్కుంటుంది. చిన్న ఇంజిన్‌కి కంపెనీవాళ్ళే సూపర్‌చార్జర్ పెట్టి పెద్ద ఇంజిన్ బదులు వాడితే మైలేజ్ కలిసొస్తుంది, ఉన్న ఇంజిన్‌కే మనం తగిలిస్తే ఆ లాభం ఉండదు.

పాతబండి: పాత టయోటా ఎంఆర్2 సూపర్‌చార్జర్ మోడల్‌లో ఇందుకే ఏసీ కంప్రెసర్‌కి ఉన్నట్టు ఎలక్ట్రిక్ క్లచ్ పెట్టారు, అవసరం లేనప్పుడు అసలు తిరగదు. ఇంకోమాట, ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ (నాకింగ్‌ని బాగా తట్టుకునేది) ఖర్చు కూడా లెక్కేసుకోండి.

నల్లపిస్టన్: డాష్‌బోర్డు చూపించే మైలేజ్ మాత్రం నమ్మకండి. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు మార్చాక ట్యూనింగ్ సరిగ్గా లేక నాది 15 చూపించేది! ట్యాంక్ నిండా కొట్టించి, కిలోమీటర్లు రాసుకుని, మళ్ళీ నింపి చూసుకుంటేనే సరైన లెక్క.

రోడ్డుబాట: అయితే కిట్ కొనేముందే నాలుగు ట్యాంకులు అలా రాసుకుంటాను. పెట్టించాక అదే దారిలో మళ్ళీ కొలిచి రెండు లెక్కలూ ఇక్కడే పెడతాను.