వీ-క్రాస్ మీద రెండు కయాక్‌లు: ర్యాక్ రెడీమేడ్ కొనాలా, వెల్డింగ్ షాపులో చేయించాలా?

రేణిగుంట_రోడ్డు

నమస్తే అందరికీ. మాది తిరుపతి, బండి ఇసుజు వీ-క్రాస్ పికప్, వెనక తెరిచిన తొట్టి ఉంటుంది. కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) రెండున్నాయి, ఒకటి 12 అడుగులు, ఇంకోటి 10 అడుగులు, రెండూ ప్లాస్టిక్‌వే, ఒక్కోటి 25 కిలోల పైనే తూగుతుంది. ఇప్పటిదాకా వెనక డోరు దించి, కింద పాత పరుపు వేసి, తాళ్లతో కట్టి తీసుకెళ్తున్నాం. తొట్టి పొడవు అయిదడుగులు కూడా లేదు కాబట్టి కయాక్ సగానికి పైగా బయటే ఉంటుంది, నాయుడుపేట రోడ్డులో వెనక లారీ కాస్త దగ్గరికొస్తే చాలు గుండె దడదడలాడుతుంది. ఇక ర్యాక్ పెట్టించాల్సిందే అనుకుంటున్నా.

ఆటోనగర్‌లో వెల్డింగ్ అన్న ఒకాయన ఇనప పైపులతో ఫ్రేమ్ చేసి, తొట్టి అంచుకి రంధ్రాలు వేసి బోల్టులు బిగించేస్తానంటున్నాడు. రెడీమేడ్ అల్యూమినియం ర్యాక్ అయితే క్లాంపులతో వస్తుంది గానీ ధర చాలా ఎక్కువ. తొట్టి లోపల ప్లాస్టిక్ లైనర్ (గీతలు పడకుండా వేసే తొడుగు) ఉంది, అంచు మీదికి కూడా వచ్చి ఉంటుంది. ఎత్తు సంగతి కూడా తేలట్లేదు, తొట్టి అంచు ఎత్తులోనే ఉంచాలా, క్యాబిన్ టాప్ దాటించాలా? వాడుతున్నవాళ్లు చెప్పండన్నా.

చిత్తూరు_పికప్

ముందు ఎత్తు సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి. అంచు ఎత్తులో ర్యాక్ పెడితే ఎక్కించడం సులువే గానీ ముందు క్యాబిన్ అడ్డం కాబట్టి 12 అడుగుల కయాక్ మళ్లీ వెనక్కే వేలాడుతుంది, ఇప్పుడు పడుతున్న బాధే మిగులుతుంది. క్యాబిన్ టాప్ కంటే నాలుగు వేళ్లు ఎత్తులో బార్లు (కయాక్ కూర్చునే అడ్డపైపులు) వచ్చేలా చేయించుకుంటే ముందు భాగం క్యాబిన్ మీదుగా పోతుంది.

రెండోది బార్ల మధ్య దూరం. కయాక్ పొడవులో కనీసం మూడో వంతు ఉండాలి, అంటే మీకు 4 అడుగులు. మీ తొట్టిలో సరిగ్గా అంతే దొరుకుతుంది, అంతకంటే తగ్గనివ్వొద్దు. కొందరు చూడ్డానికి బాగుంటుందని రెండు బార్లూ మధ్యలోకి జరిపి చేసిస్తారు, అప్పుడు గాలికి ముక్కు అటూ ఇటూ ఊగుతుంది.

రంధ్రాలు మాత్రం వద్దు. అంచు రేకు పలచన, రంధ్రం వేసిన చోట పెయింట్ పోతుంది, లైనర్ కింద నీళ్లు నిలుస్తాయి, తుప్పు మీకు కనిపించేసరికి లోపలంతా పాకి ఉంటుంది. క్లాంపులతో కూడా బలంగానే నిలుస్తుంది, కాకపోతే క్లాంపు కరవాల్సింది లోహాన్ని, ప్లాస్టిక్‌ని కాదు. లైనర్ మీద బిగిస్తే మొదట గట్టిగానే ఉన్నట్టుంటుంది, ఎండకి ప్లాస్టిక్ మెత్తబడి అణిగిపోయాక స్పానర్ పెట్టి చూడండి, చేత్తో తిరిగేంత లూజుగా ఉంటుంది. క్లాంపు కూర్చునే చోటంతా లైనర్‌ని బ్లేడుతో కోసేసి, రేకుకీ క్లాంపుకీ మధ్య పలచటి రబ్బరు వేయించండి. బిగించిన రోజు ఓ యాభై కిలోమీటర్లు తిరిగొచ్చి బోల్టులు మళ్లీ చూసుకోవాలి.

ఇనప పైపు అయితే 40 బై 40, 2 ఎం.ఎం. మందం చాలు. మీటరుకి 2.4 కిలోల లెక్కన 12 మీటర్లు పట్టినా ర్యాక్ 30 కిలోల లోపే ఉంటుంది. రెండు కయాక్‌లు కలిపినా బరువు పెద్ద విషయం కాదు. అసలు పోరాటం గాలితోనే. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది, 80లో వెళ్లేవాళ్లు 100కి పెంచితే ఒకటిన్నర రెట్లు పైనే అవుతుంది.

సూళ్లూరుపేట_తీరం

పైన చెప్పినదానికి ఉప్పు సంగతి కూడా కలుపుకోండి. నాయుడుపేట రోడ్డంటున్నారు కాబట్టి పులికాట్ సరస్సుకే వెళ్తున్నారనుకుంటా, ఆ నీళ్లు ఉప్పునీళ్లే, తూపిలిపాలెం వైపు వెళ్తే ఏకంగా సముద్రం. కయాక్ నుంచి కారిన నీళ్లు నేరుగా ర్యాక్ జాయింట్లలోకే పోతాయి. ఇనుముతో చేయిస్తే వెల్డింగ్ అంతా అయ్యాకే గాల్వనైజింగ్ (జింక్ పూత) చేయించండి. అది కుదరకపోతే జింక్ ప్రైమర్ కొట్టించి పైన పెయింట్ వేయించండి, పైపు చివరలు తెరిచి వదలొద్దు. అల్యూమినియం బార్లకి ఇనప బోల్టులు నేరుగా తగిలినా ఉప్పునీళ్లలో అల్యూమినియం తినేయబడుతుంది, మధ్యలో ప్లాస్టిక్ వాషరు తప్పనిసరి. ఇంటికి రాగానే మంచినీళ్లతో ర్యాక్ కూడా కడగాలి, కయాక్ ఒక్కటే కడిగి వదిలేస్తారు చాలామంది.

కయాక్‌ని ర్యాక్‌కి కట్టడం గురించి ఎవరూ చెప్పలేదు, నా దృష్టిలో ర్యాక్ కంటే అదే ముఖ్యం. లారీలవాళ్లు వాడే, లివరుతో బిగించే రాచెట్ బెల్టులు వద్దు, వాటికి ఎంత బిగుసుకుందో చేతికి తెలీదు. మన ఎండల్లో ప్లాస్టిక్ కయాక్ మెత్తబడుతుంది, మధ్యాహ్నం రాచెట్‌తో బిగించి సాయంత్రం విప్పితే బార్ తగిలిన చోట కయాక్ అడుగుభాగం లోపలికి సొట్టపోయి ఉంటుంది. కామ్ బకిల్ బెల్టులు తీసుకోండి, చేత్తో లాగినంతే బిగుస్తాయి, అది చాలు. సొట్టలు ఇప్పటికే పడి ఉంటే కయాక్‌ని ఎండలో బోర్లా పెట్టండి, చాలావరకు దానంతటదే పైకి లేస్తుంది. రవాణాలో కూడా బోర్లా వేస్తే మంచిది, పై అంచు గట్టిగా ఉంటుంది కాబట్టి బరువు తట్టుకుంటుంది, వానొస్తే లోపల నీళ్లు నిలవవు.

బెల్టులో ఒక్క మెలిక వేయండి, లేకపోతే హైవే మీద తంబురాలా మోగుతూనే ఉంటుంది. నడుముకి రెండు బెల్టులే కాకుండా ముక్కు నుంచి ఒక తాడు, తోక నుంచి ఒక తాడు బండికి కట్టాలి. బెల్టు ఒకటి తెగినా కయాక్ రోడ్డు మీద పడకుండా ఆపేవి ఆ రెండే.

ఇంకో మాట, పులికాట్ పక్షుల అభయారణ్యం. ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో అటవీశాఖ వాళ్లని అడిగే వెళ్లండి, ఫ్లెమింగోలు మేసే చోటికి దయచేసి దగ్గరగా పోవద్దు.

రేణిగుంట_రోడ్డు

చాలా థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. ఒక డౌట్. 4 అడుగుల దూరంతో లెక్కేస్తే 12 అడుగులది ముందుకి జరిపినా వెనక డోరు దాటి రెండడుగుల పైనే వస్తోంది. అందుకని ఒక బార్ క్యాబిన్ టాప్ మీద, ఇంకోటి తొట్టి చివర పెట్టొచ్చా? వెల్డింగ్ అన్న అయితే రెండూ కలిపి ఒకటే ఫ్రేమ్‌గా చేసేద్దామంటున్నాడు.

చిత్తూరు_పికప్

ఒకటే ఫ్రేమ్ మాత్రం వద్దే వద్దు. క్యాబిన్ వేరు, తొట్టి వేరు, రెండూ ఛాసిస్ మీద విడివిడిగా కూర్చుంటాయి. రెంటి మధ్య సందు ఉందే, అందులో వేలు దగ్గరగా పెట్టి ఎవరినైనా ఒక చక్రం గుంతలో దింపమనండి, సందు మారడం కళ్లారా కనిపిస్తుంది. దాని మీద ఒకటే ఇనప ఫ్రేమ్ బిగిస్తే వెల్డింగన్నా తెగాలి, క్యాబిన్ రేకన్నా చీలాలి. అందుకే నేను రెండు బార్లూ తొట్టి మీదే ఉండాలంటా.

ఎన్‌హెచ్71_రోజూ

ఫ్రేమ్ విషయంలో ఒప్పుకుంటా గానీ బార్లు విడివిడిగా పెట్టుకుంటే క్యాబిన్ మీద ఒకటి ఉండటమే ఈయనకి నయం. దూరం ఏడడుగుల దాకా వస్తుంది, 12 అడుగులది ముందుకి జరిపితే తోక వెనక డోరు దాటదు. ప్లాస్టిక్ కయాక్ కాబట్టి క్యాబిన్, తొట్టి విడివిడిగా కదిలే ఆ కాస్త మెలికని అదే సర్దుకుంటుంది. వెనక బార్ దగ్గర బాగా బిగించి, ముందు బార్ మీద మందపాటి ఫోమ్ వేసి కాస్త తక్కువ బిగింపుతో కడితే చాలు. ఫైబర్ గ్లాస్ కయాక్ అయితే ఈ సలహా ఇచ్చేవాణ్ణి కాదు. క్యాబిన్ టాప్ ఎంత బరువు మోస్తుందో మాన్యువల్‌లో చూసుకుని మొదలుపెట్టండి.

వెనక్కి పొడుచుకురావడం గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194(1ఎ) కింద లోడు పరిమితి దాటి పక్కకి, ముందుకి, వెనక్కి, పైకి ఎటు పొడుచుకొచ్చినా ఫైను 20,000 రూపాయలు, దించే ఖర్చు అదనం. ఎర్రగుడ్డ కట్టామంటే సరిపోదు. ర్యాక్ చేయించేముందే ఆర్టీఓ ఆఫీసులో కొలతలు చూపించి అడగండి, విప్పదీయగలిగే క్లాంపు ర్యాక్ అయితే మాట్లాడ్డం కూడా తేలిక.

కయాక్‌లు రెండూ పక్కపక్కన బోర్లా పట్టకపోతే జె ఆకారం క్రెడిల్స్‌లో (బార్ మీద బిగించే ఊతాలు) పక్కకి నిలబెట్టొచ్చు, వెడల్పు కలిసొస్తుంది. కానీ అప్పుడు మొత్తం ఎత్తు 2.7 మీటర్ల దాకా పోతుంది. టేపు పెట్టి కొలిచి ఆ అంకె డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించండి, రైల్వే అండర్‌బ్రిడ్జి ముందు ఎత్తు గేజ్ (ఎత్తు పరిమితి చూపే అడ్డకమ్మీ) కనిపించినప్పుడు గుర్తు తెచ్చుకునే టైముండదు.